మూకీ బొమ్మకి మా అక్క మాట

మా అక్క పేరు రావమ్మ. బందరు దగ్గర గిలకలదిండిలో పుట్టింది, అక్కడే కాపురం చేసింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆమె గురించి రాయడానికి ఏముంది అని మీరు అడగొచ్చు. చేపల తట్ట ఎత్తుకుని పొద్దున్నే రైలెక్కి గుడివాడ వెళ్లి, వాడుక ఇళ్లకి చేపలు వేసి, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చే ఆడవాళ్లు మా ఊళ్లో ఇంటికొకరున్నారు. వాళ్లలో ఆమె ఒకతె. కాని ఆమెకి మేం చేసిన పని ఎవరూ ఎవరికీ చేసి ఉండరు. మేం అంటే మా బావ దైవాధీనం, నేను. బావ చేసింది ఊరంతా చెప్పుకున్నారు. నేను చేసింది సగమే బయటపడింది. ఆ మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను.

అక్క నాకంటే పదేళ్లు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. అప్పట్నుంచి నాకు అన్నం పెట్టిందీ, తల దువ్విందీ, అల్లరి చేస్తే వీపు చిట్లగొట్టిందీ అక్కే. నాకు పెళ్లయ్యాక కూడా నా ఇల్లు ఆమె ఇంటి పక్కనే. మనిషి నోరు పెద్దది. రేవులో చేపల వేలంపాట దగ్గర మగవాళ్లు కూడా ఆమె నోటికి జడిసేవాళ్లు. గుడివాడలో చేపకి బేరమాడే ఇల్లాళ్లు ఆమెతో ఒక మాట అంటే పది మాటలు పడేవాళ్లు, మళ్లీ మర్నాడు ఆమె దగ్గరే కొనేవాళ్లు.

ఇంత నోరున్న మనిషికీ ఒక్క విషయంలో మాట పెగిలేది కాదు. వాసన. రైల్లో ఎవరైనా ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుంటే చాలు, అక్క గొంతు పడిపోయేది. తట్ట జరుపుకుని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడేది. పదిహేనేళ్లు ఆ బండి ఎక్కింది గాని ఒక్కరోజు సీటు మీద కూర్చోలేదు. ఇంటికొచ్చాక నూతి దగ్గర ఒంటి మీద నీళ్లు పోసుకుని, నిమ్మకాయలు కోసి మోచేతుల దాకా రుద్దుకునేది. మా నూతి గట్టు మీద ఎప్పుడు చూసినా పిండేసిన నిమ్మతొక్కలు ఎండుతూ ఉండేవి. అవి గట్టు కడగడానికి అనుకునేవాణ్ణి నేను.

ఇక బావ సంగతి. ఆయనకి బందరు కోనేరు సెంటర్ దగ్గర మైకుసెట్ల షాపు ఉండేది. తొంభై మూడులో ఏదో పాత స్కూల్లో సామాను వేలం వేస్తుంటే వెళ్లి ఒక చిన్న ప్రొజెక్టరు పట్టుకొచ్చాడు. దాంతో పాటు ఒక రేకుపెట్టె ఇచ్చారు. అందులో పశువుల టీకాల గురించి ఒక రీలు, రెండు రీళ్లలో ఒక మూకీ హాస్యపు బొమ్మ ఉన్నాయి. పశువుల రీలు ఎవడు చూస్తాడు? మూకీ బొమ్మ పట్టుకున్నాం.

అది తెల్లదొరల బొమ్మ. మాటలు రాక ముందుది. మొదట్లో ముక్క తెగిపోయింది కాబట్టి పేరేమిటో, ఎవరు తీశారో మాకు తెలియదు. ఒక బక్క మొగుడు, ఒక బొద్దు పెళ్లాం. ఒకరోజు మొగుడికి పెళ్లాం కోటు దగ్గర చుట్ట వాసన తగులుతుంది. ఇంట్లో చుట్ట తాగేవాడు లేడు. ఇంకెవడో వచ్చిపోతున్నాడని అనుమానం పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి ముక్కు ముందుకు పెట్టుకుని పెళ్లాం చుట్టూ తిరుగుతాడు. చెయ్యి వాసన చూస్తాడు, మెడ వాసన చూస్తాడు, ఆమె చూస్తే నవ్వుతాడు, ఆమె అటు తిరగ్గానే ముక్కు మూసుకుంటాడు. బీరువాలో దూరతాడు. పక్కింటాయన్ని పట్టుకుని తంతాడు. చివరికి తేలేదేమిటంటే, మొగుడి పుట్టినరోజుకి గడియారం కొనాలని ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా చుట్టల కొట్లో పనికి వెళ్తోంది. ఆ వాసన పని వాసన. మొగుడు మోకాళ్ల మీద కూర్చుని ఆమె రెండు చేతులూ ముద్దు పెట్టుకుంటాడు. అక్కడితో అయిపోతుంది.

బొమ్మకి మాట లేదు కాబట్టి మాట మా బావ ఇచ్చాడు. తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి మొగుడి గొంతు, పెళ్లాం గొంతు, పక్కింటాయన గొంతు, కుక్క గొంతు అన్నీ తనే పలికేవాడు. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. అవి ఆయనకి చదవడం రాదు. అవి వచ్చినంతసేపూ అటు తిరిగి పొడుం పట్టు పీల్చుకునేవాడు. పొడుం అంటే అంత పిచ్చి. జేబులో డబ్బా లేకపోతే మాట వచ్చేది కాదు. నేను ప్రొజెక్టరు తిప్పేవాణ్ణి, మైకు పెట్టె కూడా నా పక్కనే ఉండేది.

దివిసీమలో మేం తిరగని జాతర లేదు. కోడూరు, నాగాయలంక, హంసలదీవి, ఎక్కడ తీర్థమైనా పొద్దు గుంకేసరికి తెల్లటి దుప్పటి కట్టేవాళ్లం. మొదట్లో జనం విరగబడి చూశారు. తర్వాత ఇంటింటికీ కేబుల్ వచ్చింది, వీధికొక వీడియో వచ్చింది. తొంభై ఆరు నాటికి మా దుప్పటి ముందు ముసలాళ్లు, నిద్రపోయే పిల్లలు తప్ప ఎవరూ మిగల్లేదు. బావ చెప్పే జోకులు ఆయనకే విసుగ్గా ఉండేవి.

ఆ ఏడు కోడూరు జాతరలో బొమ్మ మొగుడు పెళ్లాం చెయ్యి వాసన చూసే చోటు వచ్చింది. బావ ఆడగొంతు పెట్టి, ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు.

"ఏమయ్యా, నిజం చెప్పు, నా దగ్గర వాసనొస్తోందా? నాలుగు నిమ్మకాయలు అరగదీశాను."

వెంటనే మగగొంతులో, "ఛ ఛ, ఎక్కడిదే? మల్లెచెండులా ఉన్నావు" అన్నాడు. సరిగ్గా అప్పుడే తెర మీద మొగుడు అటు తిరిగి ముక్కు మూసుకున్నాడు.

జనం పడి పడి నవ్వారు. లేచి వెళ్లిపోతున్నవాళ్లు వెనక్కి వచ్చి కూర్చున్నారు. నేను కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు టెంపోలో బావని అడిగాను, ఆ మాట ఎక్కడ పట్టావు అని. బావ పొడుం పీల్చి, "మీ అక్కే. రోజూ ఒళ్లు కడుక్కుని వచ్చి అలానే అడుగుతుంది" అన్నాడు. అప్పుడు నాకు నూతి గట్టు మీద తొక్కలు గుర్తొచ్చాయి. ఛీ బావా, అది చెప్పే మాటేనా అని నేను అనాలి. అనలేదు. అక్కకి తెలిస్తే చంపేస్తుంది, జాగ్రత్త అన్నాను. అంటే కానివ్వమనేగా అర్థం. అక్కణ్ణుంచి మూడేళ్లు దివిసీమంతా మా అక్క మాట మైకులో మోగింది. ఊరూరా మమ్మల్ని పిలిచింది బొమ్మ కోసం కాదు, ఆ నిమ్మకాయల ముక్క కోసం. అక్కకి మాత్రం చీకటితో లేచే పని కాబట్టి జాతరలకి ఎప్పుడూ రాలేదు. వస్తానన్నా మేం రానిచ్చేవాళ్లం కాదు.

తొంభై తొమ్మిది మాఘమాసంలో గుడివాడ నుంచి పిలుపొచ్చింది. ధర్మారావు గారని, నలభై ఎకరాల ఆసామి, రైసు మిల్లు కూడా ఉంది. ఆయన పెళ్లయి పాతికేళ్లయిన సందర్భంగా ఫంక్షన్ హాల్లో భోజనాలు పెట్టాడు. అవనిగడ్డ వైపు ఎక్కడో మా ఆట చూశాడట. మొగుడూ పెళ్లాల బొమ్మ కదా, భోజనాల ముందు వేయమన్నాడు. ఇంతకీ ఆయన భార్య వసుంధర గారు మా అక్క వాడుక మనిషి. పధ్నాలుగేళ్లుగా అక్క వాళ్ల పెరటి మెట్టు మీద కూర్చుని చేపలు తోమి ఇస్తోంది. మైకాయన రావమ్మ మొగుడే అని తెలిసి వసుంధర గారు అక్కని కూడా పిలిచింది. "రేపు తట్ట లేకుండా రా రావమ్మా. ముందు గుమ్మం నుంచి రా" అందట. ఆ మాట అక్క మా వీధిలో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

ఆ రోజు అక్క ఆరు నిమ్మకాయలు వాడింది. నేను ప్రొజెక్టరు పెట్టె కోసం వాళ్లింటికి వెళ్లేసరికి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేనున్నానని కూడా చూసుకోకుండా బావ ముందు రెండు చేతులూ చాపింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. పెద్దవాళ్ల మధ్య కూర్చోవాలి. వాసనొస్తోందా?"

బావ నా వైపు చూశాడు. నేను పెట్టె వైపు చూశాను. లేదే, పద, బండి టైమైంది అన్నాడు బావ. కిటికీ పక్కన కూర్చుంటానులే, ఏదైనా ఉంటే గాలికి పోతుంది అంది అక్క. ఆ రోజు రైల్లో ఆమె మొదటిసారి సీటు మీద కూర్చుంది. పదిహేనేళ్లుగా తలుపు దగ్గర నిలబడి చూసిన పొలాల్ని కిటికీలోంచి కొత్తగా చూస్తున్నట్టు చూసింది. దారిలో బావ నా చెవిలో, ఇవాళ ఆ ముక్క వేయనురా అన్నాడు. వద్దు బావా అన్నాను నేను కూడా. అప్పుడు నిజంగానే అన్నాను.

హాలు కిటికీలకి జంపఖానాలు కట్టి మిట్టమధ్యాహ్నం చీకటి చేశారు. రెండొందల మంది ఉంటారు. వసుంధర గారు అక్కని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మూడో వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. చుట్టూ వాళ్ల బంధువుల ఆడవాళ్లు. సగంమందికి అక్క చేపలు వేసిందే. అక్క వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను.

మొదటి రీలు నడిచినంతసేపూ ఒక్కడు నవ్వలేదు. ఇళ్లలో నలభై చానళ్లు చూసే జనం వాళ్లు. ఎవరో ఆవలించారు. కుర్రాళ్లు లేచి బయటికి పోయారు. బొమ్మ చాలా పాతదండీ అని ఎవరో ధర్మారావు గారితో అనడం నాకు వినబడింది. నాకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఈ డొక్కు మిషను మోస్తూ ఊళ్లు తిరిగాను, జనం చులకనగా చూడటం నాకు కొత్త కాదు, కాని ఆ రోజు ఎందుకో గుడివాడ వాళ్ల ముందు ఆ చులకన భరించలేకపోయాను. రీలు మార్చడానికి లైటు వేశాం. బావ చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చాడు.

"జనం కదలట్లేదురా సాయీ."

"నిమ్మకాయల ముక్క వెయ్యి బావా" అన్నాను.

మీ అక్కుంది కదరా అన్నాడు. ఉంటే ఏం, చీకట్లో అది ఎవరి మాటో ఎవరికి తెలుస్తుంది, మహా అయితే ఇంటికెళ్లాక తిడుతుంది అన్నాను. నా బుర్ర అంతవరకే పనిచేసింది. బావ పొడుం డబ్బా తీసి, మూసి, జేబులో పెట్టుకుని మైకు దగ్గరికి వెళ్లాడు. రెండో రీలు ఎక్కించాను.

ముక్క పడింది. హాలు దద్దరిల్లింది. నవ్వు వినబడేసరికి బావకి ఒళ్లు తెలియలేదు. పూనకం వచ్చినట్టు అందుకున్నాడు. తెర మీద ఆ మొగుడు ముక్కు మూసుకున్న ప్రతిసారీ ఆ మాటే తిప్పి తిప్పి అన్నాడు. చివరికి, "కిటికీ పక్కన కూర్చుంటానులేవయ్యా, ఏదైనా ఉంటే గాలికి పోతుంది" అని కూడా అనేశాడు. అది పొద్దున్న మాట. ఇంకా తడారలేదు.

ప్రొజెక్టరు వెలుగులో మూడో వరస నాకు బాగా కనబడుతోంది. ముందు వరసలో ఒకావిడ నవ్వుతూ వెనక్కి తిరిగి అక్కని చూసింది. ఇంకొకావిడ పక్కావిడ భుజం తట్టి ఏదో చెప్పింది, ఇద్దరూ తిరిగారు. మన రావమ్మ మొగుడే కదా చెప్తోంది అని ఎవరో అన్నారు. అక్కకి అటు పక్క కూర్చున్న ఆవిడ నవ్వు ఆపుకోలేక పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నోటికే పెట్టుకుందో ముక్కుకే పెట్టుకుందో నాకు తెలియదు, అక్కకి ఎలా కనబడి ఉంటుందో తెలుసు. అక్క తన చేతులు చూసుకుంది. రెండు చేతులూ పైట కింద దాచుకుంది.

మైకు పెట్టె మీద గొంతు తగ్గించే మర నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఒక్కసారి తిప్పితే బావ గొంతు పోయేది. పాత మిషను, ఏదో పాడైంది అనుకునేవాళ్లు. నేను తిప్పలేదు. జనం నవ్వుతున్నారు, ఆ నవ్వు నాది అనుకున్నాను.

బొమ్మ మొగుడు పెళ్లాం చేతులు ముద్దు పెట్టుకునేసరికి అక్క కుర్చీ ఖాళీగా ఉంది. లైట్లు వేశాక చప్పట్లు కొట్టారు. ధర్మారావు గారు బావకి శాలువా కప్పాడు. వసుంధర గారు మా దగ్గరికి వచ్చి, రావమ్మ భోజనం చేయకుండా వెళ్లిపోయిందేమిటండీ అని అడిగింది. అడుగుతుండగానే ఆవిడకి అర్థమైంది. శాలువా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లాక తిడుతుంది అనుకున్నానా? తిట్టలేదు. తిడితే బాగుండును. పట్టుచీర మడిచి పెట్టెలో పెట్టింది. బావకి అన్నం వడ్డించింది. మర్నాడు తట్ట ఎత్తుకుని రైలెక్కింది, గుడివాడకి కాదు, పెడన దగ్గర దిగిపోయి కొత్త వీధులు చూసుకుంది. రేవులో ఎప్పటిలా అందరితో గొడవ పడింది. నాతో మాట్లాడింది. బావతో మాత్రం ఒక్క మాట లేదు. బావకి నిశ్శబ్దం తెలియదు, జీవితమంతా మైకులో బతికిన మనిషి. అన్నం ముందు కూర్చుని, కూర ఇంకాస్త వేస్తావా అని తనే అడిగి, వేస్తున్నానయ్యా అని తనే ఆడగొంతులో చెప్పుకునేవాడు. నవ్విద్దామని మొదలుపెట్టాడు. నాలుగు రోజులకి అది నవ్వులాట కాకుండా పోయింది. అక్క గిన్నె పట్టుకుని నిలబడి ఉంటే ఆమె మాట కూడా తనే చెప్పుకుంటూ తినేవాడు. నేను ఆ ఇంటికి భోజనానికి వెళ్లడం మానేశాను.

ఇలా నెల గడిచింది. ఒక సాయంత్రం అక్క నూతి దగ్గర తట్ట కడుగుతూ నన్ను పిలిచింది. గట్టు మీద తొక్కల్లేవు. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగింది.

"సాయీ, మీ బావ ఆ మాట ఆ రోజే అన్నాడా, అంతకు ముందు ఎక్కడైనా అన్నాడా?"

ఎందుకక్కా అన్నాను. ఆ ఒక్కరోజే అయితే నోరు జారిందనుకుంటాను, మనిషన్నాక జారుతుంది, కాపురం చేసుకోవాలి కదా అంది. తెలిసి తెలిసి ఊరూరా చెప్పుకు తిరిగాడంటే మాత్రం తన వల్ల కాదంది. ఆయన్ని అడిగితే ఏదో ఒకటి చెప్తాడు, నువ్వు నా చేతిలో పెరిగినవాడివి, నువ్వు చెప్పింది నమ్ముతాను అంది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. మూడేళ్లుగా అంటున్నాడక్కా, నేను నవ్వాను, ఆ రోజు వెయ్యమన్నదీ నేనే అని చెబితే నా వీపు మరోసారి చిట్లగొట్టేది. ఏడ్చేది. తర్వాత ఏమయ్యేదో నాకు తెలియదు. కాని నేను భయపడ్డాను. బావ కాపురం నిలబెడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా వీపు కాపాడుకున్నాను.

"లేదక్కా. ఆ రోజే మొదటిసారి" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. అక్క అడక్కుండానే ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, నీ మీద ఒట్టు అన్నాను.

అక్క ముఖం విచ్చుకుంది. నా తల నిమిరింది. మర్నాడు పొద్దున్నే వాళ్లింట్లోంచి అక్క గొంతు వినబడింది, పొడుం డబ్బా అన్నం కంచం పక్కన పెట్టినందుకు బావని దులిపేస్తోంది. బావ గోడ ఇవతలికి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. ఏం చెప్పావురా అని అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. ఒట్టెందుకు వేశావురా అన్నాడు, అంతే.

రెండు వారాల తర్వాత మోపిదేవి వెళ్దామంది అక్క. సుబ్రహ్మణ్యస్వామికి పాలు పోయిస్తానని మొక్కుకుందట. ముగ్గురం అవనిగడ్డ బస్సెక్కాం. మళ్లీ నిమ్మకాయలు రుద్దుకుని వచ్చింది. కిటికీ పక్కన బావని కూర్చోబెట్టి, తను మధ్యలో కూర్చుంది. చల్లపల్లి దాటేదాకా రేవు కబుర్లు చెబుతూనే ఉంది. దర్శనం అయ్యాక బయట అరుగు మీద కూర్చుని ప్రసాదం తింటున్నాం. మనవడికి చెవులు కుట్టించడానికి వచ్చిన ఒక ముసలమ్మ బావని చూసి ఆగింది. కోడూరు మనిషట, పేరు తాతమ్మ. పరాయి మనిషి అయినా సొంత అన్నయ్యని చూసినంత సంతోషపడింది.

"నువ్వు బొమ్మాయనవి కదూ అన్నయ్యా? మా ఊరు మూడు జాతర్లకీ వచ్చావు. ఆ నిమ్మకాయల ముక్క మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడేళ్ల నించీ మా పిల్లలు నన్ను దాంతోనే ఏడిపిస్తారు." నా వైపు తిరిగి, "ఈ అబ్బాయి మిషను దగ్గర కూర్చుని మా అందరికంటే ఎక్కువ నవ్వేవాడు" అంది.

ఆవిడకి పాపం ఏం తెలుసు? దీవించి వెళ్లిపోయింది. అక్క బావ వైపు చూడలేదు. నా వైపు చూసింది. చేతిలో ప్రసాదం అలాగే ఉంది.

"ఆయన జనాన్ని నవ్వించడానికన్నాడు. అదే ఆయన పని. నువ్వెందుకురా నా నెత్తి మీద చెయ్యి పెట్టావు?"

దానికి జవాబు బావ దగ్గర ఉంది. ఆ రోజు గుడివాడలో వెయ్యమన్నది వీడే అని ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది, తన మీద సగం బరువు దిగేది. అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. దానికి బదులు తన ముక్కు చూపించి, నాకు నిజంగా వాసన తెలియదే, పొడుం పీల్చి పీల్చి పదేళ్ల క్రితమే ముక్కు చచ్చిపోయింది, నీ చేపల వాసన నాకు ఏనాడూ తగల్లేదు, ఆ బొమ్మలో వాడు ముక్కు మూసుకున్నాడని అన్నానే తప్ప నేను మూసుకోలేదు అని ప్రాధేయపడ్డాడు. అది నిజం. మల్లెపూలకీ మురుక్కాలవకీ తేడా తెలియదు ఆయనకి. నాకు ఆ సంగతి ముందే తెలుసు. నూతి దగ్గర అక్కకి చెప్పాల్సింది ఇదే.

అక్క అంతా విని నెమ్మదిగా అడిగింది.

"మరి వాసన తెలియనివాడివి, రోజూ లేదని ఎలా చెప్పావయ్యా?"

తిరుగు బస్సులో ఆమె తలుపు దగ్గర నిలబడి వచ్చింది. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

తర్వాత వాళ్ల కాపురం ఆగిపోలేదు. అక్క బావతో అవసరమైనవి మాట్లాడుతుంది, జ్వరమొస్తే పక్కనే ఉండి చూసుకుంటుంది. బావ మళ్లీ బొమ్మ వేయలేదు. పెళ్లిళ్లకి మైకులు కట్టి, ఒకటి రెండు మూడు అని చూసి, దిగిపోయేవాడు. రెండు వేల నాలుగులో అటక సర్దుతుంటే ఆ రేకుపెట్టె బయటపడింది. మూత తీస్తే రీళ్లు పాడైపోయి ఇల్లంతా ఘాటుగా పులిసిన కంపు కొట్టింది. నేను ముక్కు మూసుకున్నాను. బావకి తెలియక, పెట్టె ఒళ్లో పెట్టుకుని అక్కని అడిగాడు, వాసనొస్తోందా అని. అక్క ఒక క్షణం ఆయన్ని చూసి, లేదు అంది. జాలిపడి అందో, బాకీ తీర్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాతో కూడా మాట మానలేదు అక్క. నన్ను తిట్టదు, అదే మార్పు. పండక్కి పబ్బానికి పిలుస్తుంది, వాకిట్లో పీట వేసి పులుసు పోస్తుంది. ఆమెకిప్పుడు అరవై దగ్గరపడింది, తట్ట ఎత్తడం మానేసి నాలుగేళ్లయింది. చేపని తాకేది నాకు వండి పెట్టేటప్పుడే. అయినా నాకు వడ్డించాక ఒకసారి తల ఎత్తి గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటుంది. సముద్రపు వాళ్లం, గాలి మాకు చర్మానికే తెలుస్తుంది. సముద్రం వైపు నుంచి వస్తుంటే నాకు పడమరగా వెళ్లి కూర్చుంటుంది, గాలి మారితే లేచి చోటు మారుతుంది, తన మీదుగా వచ్చిన గాలి నా కంచం వైపు రాకుండా. నా తల నిమిరి పెంచిన చేతులు ఇప్పటికీ పైట కిందే ఉంటాయి.

వాసన రావట్లేదక్కా, ఇటు వచ్చి కూర్చో అంటాను ప్రతిసారీ. అది నిజమే.

సరేలేరా, తిను అంటుంది. అక్కణ్ణుంచి కదలదు.